కట్టకు గుర్తు: కవిలె మొదలు కంప్యూటరు వఱకు

ఉద్యోగి జీవితము కట్టలతో గడచు జీవితము. ఉదయము కార్యాలయమున అడుగిడినది మొదలు సాయంకాలము ఇల్లు చేరువఱకు మనము చేయు పనిలో సగము కాగితము వ్రాయుట. తక్కిన సగము, వ్రాసిన కాగితమును వెదకుట. ఈ వెదకులాటను తగ్గించుటకై మానవుడు కల్పించుకొన్న సాధనము మిక్కిలి చిన్నది. అది కట్టకు ఒక గుర్తు పెట్టుట. తాటాకుల కట్టకు పెట్టినను, ఎఱ్ఱ ఫీతా చుట్టిన దస్త్రమునకు పెట్టినను, నేడు కంప్యూటరు తెరపై కనబడు పసుపుపచ్చని ఫోల్డరునకు పెట్టినను, గుర్తు గుర్తే.

మన ఢిల్లీ కార్యాలయములలో ఏ బల్లయొద్ద నిలిచి చూచినను ఈ సంగతి తెలియును. ఒకరి తెరపై ఫోల్డరులన్నియు బడిపిల్లలవలె ఒకే దుస్తులలో వరుసగా నిలిచియుండును. ప్రక్కవారి తెరపై ఒక ఫోల్డరు ఎఱ్ఱనిది, ఒకటి తాళముకప్ప రూపము దాల్చినది, ఒకటి తిరుమల గోపురము బొమ్మతో నున్నది, మఱియొకటి ఇంటిలోని పసివాని ముఖముతో నవ్వుచున్నది. చూచినవారు పనిలేని వేడుక యని తలంతురు. కాని ఆ చిన్న బొమ్మ వెనుక పెద్ద చరిత్ర కలదు. బొమ్మ మార్చు వెసులుబాటు ఎప్పుడు ఎట్లు వచ్చినది, దానికి పూర్వము మనవారు కట్టల నెట్లు గుర్తించిరి, ఇంతకును ఆ గుర్తు ఎవరి కొఱకు అను మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

తెలుగునాట గ్రామ కరణము లెక్కలు వ్రాసిన తాటాకుల కట్టకు కవిలె యని పేరు. ఆకును ఎండబెట్టి, సమముగా కోసి, గంటముతో వ్రాసి, రంధ్రము చేసి త్రాటిని గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకల నుంచి బిగించెడివారు. గుడ్డ చుట్టి అటకపై నుంచిన పిదప కట్టలన్నియు ఇంచుమించు ఒక్కరీతిగానే కనబడును. అయినను కరణము తడుముకొనక కావలసిన కట్టను తీయగలిగెడివాడు. కట్ట మందము, త్రాటి వన్నె, గుడ్డ చిరుగు, అటకపై అది యుండు మూల, ఇవియే ఆయనకు ఆనవాళ్ళు. ఆ పదవి వంశపారంపర్యముగా వచ్చుచుండుటచే తండ్రి చూపిన ఆనవాలు కుమారునకు దక్కెడిది. గుర్తు కట్టపై కంటె కన్నులలో నుండెను. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాను. మన కథ మరల ఇచ్చటికే రాగలదు.

కాగితము వచ్చిన తరువాత మాటలును మారినవి. దఫ్తరము, దస్త్రము అను మాటలు తురక దొరతనపు కాలమున మన భాషలో స్థిరపడినవి. దఫ్తరు అను పదము అరబ్బీ పారసీకముల మీదుగా వచ్చినది. దానికి మూలము తోలు అను అర్థముగల గ్రీకు శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. తోలుపై వ్రాసిన వ్రాత, అట్టి వ్రాతల కట్ట, ఆ కట్టలుండు చోటు, ఇట్లు అర్థము క్రమముగా వ్యాపించినది. నేడు ఢిల్లీలో దఫ్తరు అనగా కార్యాలయము. తెలుగున దఫ్తరమనగా లెక్కల కాగితములు. కంప్యూటరు ఫైలునకు తెలుగు మాట కావలసివచ్చినపుడు చాలమంది దస్త్రము అను పాతమాటనే మరల చేతబట్టిరి. గ్రీకు గొఱ్ఱెతోలు మన గాజుతెరమీది కెక్కినదన్నమాట!

కవిలెలకు గ్రామము వెలుపల విలువ కలిగించిన మహాకార్యము కల్నలు కాలిన్ మెకంజీ (1754-1821) హయామున జరిగినది. ఆయన 1815లో భారతదేశపు సర్వేయరు జనరలు పదవిని పొందెను. ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు తెలుగువారైన కావలి సోదరులు. అన్న వేంకట బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే కాలధర్మము నొందగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. గ్రామముల వృత్తాంతములను సేకరించి, దండకవిలెలకు నకళ్ళు వ్రాయించి, కైఫీయత్తులుగా కూర్చిరి. ఆ కైఫీయత్తులు నేటికిని చరిత్రకారులకు పనికివచ్చుచున్నవన్న, అందు ఒక ముఖ్యకారణము ప్రతిదానిపైని ఊరిపేరు వ్రాసియుండుటయే. కరణము కన్నులలోని గుర్తును కావలి సోదరులు, వారి సహాయకులు అక్షరముగా మార్చిరి. కరణము పోయినను, మెకంజీ పోయినను, కట్ట తన పేరు తానే చెప్పుకొనుచున్నది.

దక్కను కట్టలు కొన్ని మన ఢిల్లీకే వచ్చి చేరినవి. హైదరాబాదు రాజ్యమున దఫ్తర్-ఎ-దీవానీ యని ప్రసిద్ధికెక్కిన పాతకాగితముల కార్యాలయము తారనాకలోని నేటి తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాగారమునకు పూర్వరూపములలో ఒకటి. ఔరంగజేబు కాలపు దక్కను వ్యవహారములకు సంబంధించిన ఇనాయత్ జంగు సేకరణ మాత్రము జనపథ్‌లోని జాతీయ పురాభిలేఖాగారమున భద్రముగా నున్నది. ఈ సంస్థ 1891 మార్చి 11వ తేదీన కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటు అను పేర వెలసినది. 1911లో రాజధాని మార్పు ప్రకటింపబడిన పిదప ఢిల్లీలో దానికొఱకు లట్యెన్సు రూపొందించిన భవనము 1926లో పూర్తియైనది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దానికి నేటి పేరు కలిగినది. ఆంధ్రదేశమునుండి బంధువులు వచ్చినపుడు మనము కుతుబ్ మీనారును, ఎఱ్ఱకోటను చూపుదుము. ఒకమారు జనపథ్‌లోని ఆ భవనమును గూడ చూపవలెను.

కట్టలకు ప్రయాణములును తప్పలేదు. 1864 మొదలు సిమ్లా వేసవి రాజధానిగా నుండుటచే ఏటేట కాగితముల పెట్టెలు కొండనెక్కి దిగుచుండెడివి. ప్రయాణమున పెట్టె తలక్రిందులు కావచ్చును, వరుస తప్పవచ్చును, ఈ చివర కట్టినవాడును ఆ చివర విప్పువాడును వేఱు వేఱు కావచ్చును. అటక మూలను బట్టి గుర్తించు పద్ధతి అచ్చట చెల్లదు. కట్టమీద సంఖ్యయు, సంవత్సరమును, విషయమును వ్రాయక తప్పదు. చోటు మారు ప్రభుత్వమునకు చోటును నమ్ముకొనని గుర్తు కావలెను. దస్త్రపు సంఖ్య అట్టి అవసరమును తీర్చు సాధనము.

ఇంతలో అమెరికాలో మఱియొక మార్పు వచ్చినది. అంతకు పూర్వము అచ్చటను కాగితములను మడచి, ఫీతా చుట్టి, పావురపు గూళ్ళవంటి అరలలో దోపెడివారు. 19వ శతాబ్దపు చివరి దశకమున కాగితమును మడవక, అట్టమడతలో నుంచి, పెట్టెలో నిలువుగా నిలుపు పద్ధతి వ్యాపించినది. దీనిని ప్రచారము చేసినవారిలో గ్రంథాలయ వర్గీకరణమునకు పేరొందిన మెల్విల్ డ్యూయీ స్థాపించిన లైబ్రరీ బ్యూరో ఒకటి. నిలువుగా నుంచిన అట్టలలో ఏది యేదో తెలియుటకై ప్రతి అట్టకు పైన చిన్న చెవి యొకటి వెలుపలికి వచ్చునట్లు కోసి, దానిమీద పేరు వ్రాసిరి. ఆ అట్టకు ఫిలిప్పీన్సు దేశపు అబాకా నారను, అనగా మనీలా నారను, వాడుటచే మనీలా ఫోల్డరు అను పేరును, లేత పసుపు వన్నెయును కలిగినవి. నేడు విండోసు తెరపై మనము చూచు పసుపుపచ్చని చెవి ఫోల్డరు ఆ మనీలా అట్ట యొక్క ప్రతిబింబమే.

మన కేంద్ర కార్యాలయములలో ఆ చెవి ఫోల్డరు ప్రధానముగా నెలకొనలేదు. మన దస్త్రమునకు అట్ట వేఱు, ట్యాగు వేఱు, ఫీతా వేఱు. ఒకవైపు ఆకుపచ్చ కాగితముపై నోటు, వేఱొకవైపు ఉత్తర ప్రత్యుత్తరములు. కేంద్ర సచివాలయపు కార్యవిధాన సంహిత 1955లో మొదట వెలువడి నేటివఱకు పలుమారులు సవరింపబడినది. దస్త్రమునకు ఏ గుర్తులు పెట్టవలెనో అది వివరముగా చెప్పును. చూపదలచిన కాగితమునకు అక్షరపు చీటీ గ్రుచ్చవలెను. చీటీలు ఒకదానినొకటి కప్పక దస్త్రపు వెడల్పంతయు పఱచుకొని కనబడవలెను. అత్యవసర మను గుర్తును మితముగా వాడవలెను. అవసరము మారినపుడు ఆ గుర్తును గూడ మార్చవలెను. పని ముగిసిన పిదప ఎంతకాలము దాచవలెనో తెలుపుటకు ఎ, బి, సి అను తరగతులు కలవు. ఈ నియమములను క్రొత్తగా చేరినవారు చాదస్తమని తలచుట కలదు. కాని వాని సారము ఒక్కటే: గుర్తు పెట్టినవాడు ఎదుట లేకున్నను అది అర్థము కావలెను.

ఇక కంప్యూటరు కథ. తెరపై వస్తువులను చిన్న బొమ్మలుగా చూపి, ఆ బొమ్మను తాకినంతనే పని జరుగునట్లు చేయవచ్చునను భావమును డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు 1975లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత గ్రంథమున ప్రతిపాదించెను. అట్టి బొమ్మకు ఐకాను అను పేరు పెట్టినవాడును ఆయనయే. క్రైస్తవ దేవాలయములలోని పవిత్ర చిత్రములకు వాడు ఆ మాట అట్లు బల్లమీదికి వచ్చినది. 1981లో జిరాక్సు కంపెనీ వెలువరించిన స్టార్ అను యంత్రమున తెరయే బల్ల. దానిపై కాగితము, ఫోల్డరు, అరల పెట్టె, ఉత్తరముల తట్ట అన్నియు బొమ్మలుగా నుండెను. అది కార్యాలయముల కొఱకే పుట్టిన యంత్రము. వెల అధికమగుటచే అది సామాన్యులకు అందలేదు.

1983లో ఆపిల్ కంపెనీవారి లీసాయును, 1984 జనవరి 24వ తేదీన మాకింటోషును వెలువడినవి. మాకింటోషు బొమ్మలను గీసినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. ఒక్కొక్క ఐకానునకు అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1,024 చుక్కలు. ప్రతి చుక్కయు నలుపో తెలుపో కావలెను. ఆమె గళ్ళ కాగితముపై గడులను నింపుచు బొమ్మలను సాధించెను. మన యిండ్లలో ఆడపడుచులు సంక్రాంతినాడు చుక్కలు లెక్కించి ముగ్గు వేయుటను చూచినవారికి ఈ కళ వింతగా తోచదు. ఇన్ని చుక్కలలో ఇమిడి, చూచిన వెంటనే ఇది యిది యని చెప్పవలెను. తక్కువలో ఎక్కువ చెప్పుటయే ముగ్గునకును ఐకానునకును ప్రాణము.

ఆ 1984 జనవరి నెలలోనే ఆంధ్రప్రదేశమున వేఱొక సంఘటన జరిగినది. రాష్ట్ర ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు ద్వారా గ్రామమునందలి పార్టుటైము ఉద్యోగుల పదవులను రద్దుచేసినది. తరతరముల కరణీకము దానితో ముగిసినది. ఆ మార్పు మంచి చెడ్డలను గూర్చి చర్చించుట ఇచ్చట నా పని కాదు; వంశపారంపర్యపు పెత్తనము పోవలసినదే యని అనేకులు తలచిరి. నేను చూపదలచినది ఒక్కటే. కట్టలను అప్పగింపుమని ఆజ్ఞ ఇయ్యవచ్చును; కట్టను గుర్తించు కన్నును అప్పగింపుమని ఏ ఆజ్ఞయు చెప్పజాలదు. వ్రాసిన పేరు అప్పగింతలో వచ్చును. తలలోని ఆనవాలు ఇంటికి పోవును. ఒకే నెలలో కాలిఫోర్నియాలో తెరపై ఫోల్డరు బొమ్మ జనసామాన్యమున కందివచ్చుటయు, తెలుగునాట కవిలె కాలము ముగియుటయు కాకతాళీయమే. అయినను ఆలోచింపదగిన కాకతాళీయము.

మొదట ఫోల్డరు బొమ్మ అందఱకు ఒక్కటే. దానిని ఎవరి యిష్టము వచ్చినట్లు వారు మార్చుకొను వీలు 1991లో ఆపిల్ వారి సిస్టమ్ 7తో వచ్చినది. ఒక చిత్రమును నకలు తీసి, ఫోల్డరు వివరముల పుటను తెఱచి, అందలి చిన్న బొమ్మపై అతికించినచో ఫోల్డరు ఆ రూపము దాల్చును. 1995లో విండోస్ 95 వచ్చినపుడు అంతకు మునుపు డైరెక్టరీ యని పిలువబడుచున్నది ఫోల్డరై పసుపుపచ్చని అట్ట రూపమున మనకు పరిచయమైనది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ నాటికి ఈ మార్పు మన గుమాస్తాలకు గూడ సులభసాధ్యమైనది. ఫోల్డరుపై మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీసు తెఱచి, కస్టమైజ్ అను పుటలో ఛేంజ్ ఐకాను అను మీట నొక్కినచో బొమ్మల సంత యొకటి కన్నుల యెదుట పఱచుకొనును. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ తాహోలో ఫోల్డరునకు రంగును, ముద్రను, ఎమోజీని నేరుగా తొడుగుటకు వీలు కల్పించిరి. సిస్టమ్ 7 నాటినుండి ముప్పదినాలుగేండ్లు గడచినను ఈ కోరిక తీరలేదన్న, అది మానవ స్వభావమున ఎంత లోతుగా నున్నదో ఊహింపవచ్చును.

ఇచ్చట యంత్రము లోపల జరుగు పనిని కొంచెము తెలిసికొనుట అవసరము. విండోసులో మనము బొమ్మ మార్చినపుడు ఫోల్డరులో డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అను చిన్న ఫైలొకటి పుట్టును. అది సాధారణముగా కంటికి కనబడదు. అందు బొమ్మ యుండదు. బొమ్మ యున్న చోటి చిరునామా మాత్రముండును. ఫోల్డరు తెఱచినపుడెల్ల యంత్రము ఆ చిరునామాకు పోయి బొమ్మను తెచ్చి అలంకరించును. ఆ చిరునామాలో బొమ్మ లేకున్నచో మాఱు మాటాడక పసుపుపచ్చని పాత అట్టనే చూపును. మాకింటోషు పద్ధతి వేఱు. అచ్చట బొమ్మను ఫోల్డరులోనే ఒక అదృశ్య ఫైలుగా దాచుటచే అది ఒక మాకింటోషునుండి వేఱొక మాకింటోషునకు సాధారణముగా వెంటవచ్చును. మన కార్యాలయములలో విండోసు వాడుకయే యెక్కువ గనుక మొదటి పద్ధతియే మనకు వర్తించును.

తెలుగువారికి ఈ బొమ్మతో మఱియొక సంబంధము కూడ కలదు. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము, అనగా నిక్, 1976లో వెలసి ప్రభుత్వ శాఖలకు కంప్యూటరులను అలవాటు చేసిన రోజులలో ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, చుక్క తరువాత మూడక్షరములు మాత్రమే చెల్లెడివి. అవియు రోమను అక్షరములే. దీర్ఘమైన పేర్లకు విండోస్ 95 దారి తెఱచినది. 1991లో వెలువడిన యూనికోడు ప్రథమ సంపుటియందే తెలుగునకు స్థానము లభించినను, అది సామాన్యుని యంత్రమునకు చేరుటకు కాలము పట్టినది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు అక్షరరూపము వచ్చిన తరువాత ఫోల్డరునకు తెలుగున పేరు పెట్టుట ఎల్లరకు సాధ్యమైనది. అంతవఱకు తెరపై ఫోల్డరుమీద ఒక్క తెలుగక్షరమును చూచుకొనవలెనన్న, ఆ అక్షరమును బొమ్మగా గీసి ఐకానుగా తగిలించుట ఒక మార్గము. చుక్కలను నింపి శ్రీకారమును గీసికొన్నవాని ముచ్చటను నవ్వదగునా? పరాయి ఊరిలో ఇంటిముందు ముగ్గు వేసికొన్న వంటిదే అదియు.

ఇక నేను కన్నులార చూచిన ఒక సంగతి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక కార్యాలయమున మాకు పెద్దలైన ఒక సహోద్యోగి యుండెడివారు. పనిలో దిట్ట, మాటలో మృదువు. ఆయన తన కంప్యూటరులో ఏ ఫోల్డరునకును పేరు పెట్టలేదు. యంత్రము తానుగా పెట్టిన న్యూ ఫోల్డరు, న్యూ ఫోల్డరు రెండు, న్యూ ఫోల్డరు మూడు అను పేర్లే యుండెను. కాని ప్రతిదానికి ఒక చక్కని బొమ్మను తగిలించిరి. సెలవు కాగితములకు గొడుగు, ప్రయాణ భత్యములకు ఎడ్లబండి, కుటుంబ పింఛనులకు దీపము. "పేరు చదువనేల నాయనా, బొమ్మ చూచిన చాలదా?" అనెడివారు. నిజమే. ఆయన చేయి క్షణమైనను తడబడెడిది కాదు.

ఆయన పదవీ విరమణ చేసిన రెండు నెలలకు పాత యంత్రమును తీసి క్రొత్తదానిని పెట్టిరి. ఫోల్డరులను నకలు తీసిరి గాని, బొమ్మలు వేఱొకచోట దాచియున్నవని ఎవరికిని తెలియదు. క్రొత్త తెరపై గొడుగు లేదు, బండి లేదు, దీపము లేదు. న్యూ ఫోల్డరులు పసుపుపచ్చగా బారులుతీరి నిలిచినవి. ఆ దినములలోనే స్వర్గస్థుడైన ఒక ఉద్యోగి భార్య తన కుటుంబ పింఛను విషయమై ఘాజియాబాదునుండి బస్సులో వచ్చుచుండెను. కాగితపు దస్త్రము పైకార్యాలయమునకు పోయియుండెను. దాని నకలును, లెక్కల పట్టికయు ఆ ఫోల్డరులలోనే ఎచ్చటనో కలవు. ఒకటి తెఱచిన లోపల మఱి పది. ఆమె మూడుమారులు వచ్చి ఉత్తచేతులతో మరలిపోయెను. మూడవమారు ఆమె ఏమియు ననక, తెచ్చుకొన్న కాగితములను మరల సంచిలో సర్దుకొనుచుండగా నేను తలయెత్తలేకపోతిని.

తుదకు పెద్దాయనకు టెలిఫోను చేసితిని. "దీపము బొమ్మ యున్నదానిలో చూడుము" అనిరి. "అయ్యా, దీపములన్నియు ఆరిపోయినవండి" అని చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. మఱునాడు ఉదయము తానే బస్సెక్కి వచ్చి, నా ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్క ఫోల్డరును తెఱపించి, ప్రతిదానికి పేరు వ్రాయించిరి. మధ్యాహ్నమునకు కావలసిన పట్టిక దొరకినది. ఆమె పని ఆ వారములో జరిగినది. ఆయన తప్పు చేసినవారు కారు. మాలో ఎవరమైనను ఆయన ఉండగా పేర్లు వ్రాయింపవలెనని తలచియుండలేదు. ఆనాడు నాకు కరణముగారి అటక కన్నుల యెదుట నిలిచినది.

ఆ తరువాత కాలము మఱింత ముందునకు సాగినది. నిక్ రూపొందించిన ఈ-ఆఫీసు వచ్చి దస్త్రమును పూర్తిగా తెరపైకి తెచ్చినది. 2020లో మహమ్మారి కాలమున ఇంటనుండియే నోటులు వ్రాసిన అనుభవము మనలో చాలమందికి కలదు. అందు నోటు వ్రాయు పుట ఆకుపచ్చగనే యుండుట గమనింపదగినది. కాగితము పోయినను దాని వన్నె పోలేదు. చిత్తుప్రతికి పసుపు నోటు వేఱుగా కలదు. కాని ఈ-ఆఫీసు దస్త్రమును గుర్తించునది ఎవరి బల్లమీది బొమ్మయో కాదు, సంఖ్యయు, విషయమును. ఉద్యోగి మారినను, గది మారినను, ఆ రెండును వెంటవచ్చును. 2025 ఆగస్టు 6వ తేదీన కర్తవ్య భవన్-3 ప్రారంభమై మంత్రిత్వ శాఖలు కొన్ని పాత భవనములను వీడి అందు చేరినపుడు, సిమ్లా పెట్టెల నాటి పాఠమే మరల అక్కఱకు వచ్చినది.

అట్లని బొమ్మలను విడిచిపెట్టవలెనని నేను చెప్పను. కన్ను అక్షరమును చదువుటకు ముందే రంగును, రూపమును పట్టుకొనును. పది ఫోల్డరులలో ఎఱ్ఱనిది వెంటనే దొరకును. అది ప్రయోజనము. ఉదయము తెర తెఱచినంతనే తిరుమల గోపురమో, పాపాయి నవ్వో కనబడుట మనస్సునకు హాయి. అది ఆనందము. అయితే బొమ్మ మన కొఱకు; పేరు మన తరువాత వచ్చువాని కొఱకు. మొదటిది ఉన్నచో సంతోషము; రెండవది లేకున్నచో అపచారము.

కావున మూడు పనులు చేయుదము. మొదట, ప్రతి ఫోల్డరునకు సంవత్సరమును, విషయమును తెలుపు పేరు పెట్టుదము. తెలుగున పెట్టినను సరే, తరువాతివారు చదువగలిగినది కావలెను. రెండవది, బొమ్మను మార్చదలచినచో ఆ ఐకాను ఫైలును ఆ ఫోల్డరులోనే యుంచి, చిరునామాగా దాని పేరు మాత్రమే వ్రాయుదము; అప్పుడు బొమ్మ వెంటవచ్చు అవకాశమును హెచ్చును. మూడవది, బదిలీ యగునపుడును, విరమించునపుడును ఏ గుర్తునకు ఏ యర్థమో ఒక పుటలో వ్రాసి అప్పగించుదము. ఇంటి కంప్యూటరు విషయమునను ఇంతే. పింఛను ఉత్తరువు, బీమా పత్రము, ఇంటి దస్తావేజు, పిల్లల యోగ్యతా పత్రములు ఏ బొమ్మ వెనుక నున్నవో భార్యకుగాని భర్తకుగాని తెలియనిచో, ఆ బొమ్మ ఎంత అందమైనదైనను కష్టకాలమున అక్కఱకు రాదు.

మనలో పలువురము ఉద్యోగరీత్యా గోదావరి కృష్ణా తీరములను, తెలంగాణ పల్లెలను, రాయలసీమ ఊళ్ళను విడిచి యమునా తీరమునకు వచ్చినవారము. ఒకనాడు ఈ బల్లను విడిచి పోవలసినవారము. మన తరువాత ఆ కుర్చీలో కూర్చుండువాడు మనలను ఎఱుగకపోవచ్చును; మన భాష వాడు కాకపోవచ్చును. అతడు తెర తెఱచినపుడు ప్రతి కట్టయు తన పేరు తాను చెప్పవలెను. ఘాజియాబాదునుండి బస్సులో వచ్చు ఆ తల్లి మొదటిమారే తన పని ముగించుకొని యిల్లు చేరవలెను.